వద్దంటున్న పెద్దవాళ్ళకి కాపీ పేస్ట్ నేర్పించడం ఎలా: మా బాబాయ్‌తో కూర్చుని కనిపెట్టిన పద్ధతి

మా బాబాయ్‌ది అంబాజీపేట దగ్గర కొబ్బరి వ్యాపారం. కొట్లో కంప్యూటర్ పెట్టి ఆరేళ్ళయింది. పార్టీకి ఉత్తరం రాయాలన్నా, బిల్లు పెట్టాలన్నా ఆయన పద్ధతి ఒకటే. ఫోన్లో వచ్చిన అడ్రసుని ముందు పెన్నుతో నోటుబుక్కులో రాసుకుంటారు, ఆ బుక్కుని కీబోర్డు పక్కన పెట్టుకుని రెండు చూపుడువేళ్ళతో ఒక్కో అక్షరం కొడతారు. పోయిన నెల రాసిన ఉత్తరాన్నే తేదీ, లారీ నంబరు మార్చి పంపాల్సి వచ్చినా సరే, మొత్తం మళ్ళీ మొదటి నుంచి కొట్టాల్సిందే. ఒకసారి బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు ఓ కొట్టేశారు, పార్టీ డబ్బు వేయలేక మూడు రోజులు ఆగిపోయింది. ఆ కోడ్‌లో 11 అక్షరాలుంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నాయే. జీఎస్టీ నంబరైతే 15 అక్షరాలు. ఇలాంటివి చూసి కొట్టడం కుర్రాళ్ళకే కష్టం, 63 ఏళ్ళ మనిషికి కళ్ళజోడు సర్దుకుంటూ కొట్టడం ఇంకెంత కష్టమో ఆలోచించండి.

అయినా కాపీ పేస్ట్ నేర్చుకోండి బాబాయ్ అంటే "నాకొద్దురా, నా పనేదో నేను చేసుకుంటున్నాను కదా" అనేవారు. పోయిన ఏడాది సంక్రాంతి ముందు ఓ వారం ఆయన పక్కన కూర్చున్నాను. నేర్చుకున్నారు. మీ ఇంట్లోనూ ఇలాంటి మావయ్యో, పిన్నో, కొట్లో గుమాస్తాగారో ఉండి ఉంటారు కాబట్టి ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో వివరంగా రాస్తున్నాను. ఇందులో చెప్పేవన్నీ విండోస్ కంప్యూటర్‌కి.

ముందు, ఎందుకు వద్దంటున్నారో కనుక్కోండి

ఇది దాటేసి నేరుగా కీబోర్డు దగ్గరికి వెళ్ళిపోతే వారం కాదు, నెల కూర్చున్నా లాభం లేదు. పెద్దవాళ్ళు వద్దంటే బద్ధకం అనుకుంటాం. బాబాయ్ తెల్లారుజామున నాలుగింటికి లేచి దింపు కూలీల వెంట తోటకి వెళ్ళే మనిషి, బద్ధకం అన్న మాట ఆయనకి అతకదు. మెల్లగా అడగ్గా అడగ్గా అసలు సంగతి బయటికొచ్చింది. అంతకు ముందెప్పుడో హైదరాబాద్ నుంచి మా తమ్ముడు ఫోన్లో చెప్పాడట: "నాన్నా, మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ సీ కొట్టు" అని. ఈయన సెలెక్ట్ చేశారు, కానీ కంట్రోల్ కంటే ముందు సీ మీద వేలు పడింది. రెండు గంటలు కూర్చుని కొట్టిన ఉత్తరం మొత్తం మాయమైపోయి, ఆ చోట ఒక్క 'చ' మిగిలింది. అవతల ఫోన్ పెట్టేశాడు. ఈయన ఎవరికీ చెప్పుకోలేక మళ్ళీ మొదటి నుంచి కొట్టుకున్నారు. ఆ రోజు నుంచి సెలెక్ట్ అయినట్టు చూపించే నీలం రంగు కనపడిందంటే చెయ్యి వెనక్కి తీసేస్తారు.

జరిగింది చాలా మామూలు విషయం. ఏదైనా సెలెక్ట్ అయి ఉన్నప్పుడు ఏ అక్షరం కొట్టినా, సెలెక్ట్ అయిందంతా పోయి ఆ అక్షరం వస్తుంది. మనకి అది తెలుసు, పోయినా వెనక్కి తెచ్చుకోవచ్చనీ తెలుసు. ఆయనకి రెండోది తెలియదు. తెలియనంత కాలం ఆయన భయం పూర్తిగా న్యాయమైనదే. అందుకే నేను నేర్పాల్సిన వరస తిరగేశాను: కాపీ తర్వాత, పేస్ట్ ఆ తర్వాత, పోయినదాన్ని వెనక్కి తేవడం అన్నిటికంటే ముందు.

మీ మనిషి కారణం వేరే కావచ్చు. చిన్నవాళ్ళ ముందు తప్పు చేస్తే చులకనైపోతామన్న బాధ కావచ్చు, మౌస్ పట్టుకుంటే చెయ్యి వణకడం కావచ్చు, అసలు అక్షరాలే సరిగ్గా కనపడకపోవడం కావచ్చు. అడిగితే ఒక్కసారికి చెప్పరు. టీ తాగుతూ, వేరే కబుర్ల మధ్యలో చెప్తారు, కాచుకుని ఉండండి.

కూర్చునే ముందు సర్దుకోవాల్సినవి

అక్షరాల సైజు పెంచండి, మౌస్ బాణం పెద్దది చేయండి. రెండూ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అన్న చోట ఉంటాయి. కంట్రోల్ ప్యానెల్‌లో మౌస్ ప్రాపర్టీస్ తెరిస్తే డబుల్ క్లిక్ వేగం తగ్గించవచ్చు. పెద్దవాళ్ళు రెండుసార్లు నొక్కే లోపల మధ్యలో గ్యాప్ ఎక్కువైపోయి కంప్యూటర్ దాన్ని రెండు విడి నొక్కుళ్ళుగా తీసుకుంటుంది, అందుకే "నేను నొక్కుతూనే ఉన్నాను, అది తెరుచుకోవట్లేదు" అంటారు. అక్కడే క్లిక్‌లాక్ అని ఇంకోటుంది, అది పెడితే బటన్ నొక్కి పట్టుకోకుండానే లాగవచ్చు. చెయ్యి వణికేవాళ్ళకి ఇది పెద్ద సాయం.

తర్వాత మా పిన్ని దగ్గర బొట్టు బిళ్ళలు అడిగి తీసుకున్నాను. కీబోర్డు ఎడమవైపు కింది మూలనున్న కంట్రోల్ మీద ఎర్రది ఒకటి, జెడ్ మీద పచ్చది ఒకటి. సీ, వీల మీద అప్పుడే అంటించలేదు. ఆ రోజుకి ఆయన చూడాల్సినవి రెండే.

ఏ రాత మీద నేర్పాలన్నది కూడా ముందే చూసుకోండి. ఏదో ఒక ఇంగ్లీషు పేరా తెరిచి దాని మీద సాధన చేయించకండి, ఆయనకి దానితో ఏం పని? ఆయన రాసే ఉత్తరమే కావాలి, కానీ అసలు ఫైలు కాకుండా దాని నకలు చేసి, పేరు మార్చి ఇవ్వండి. "ఇది పాడైనా పర్లేదు, అసలుది వేరే ఉంది" అని ఆయన కళ్ళ ముందే రెండూ చూపించండి.

సమయం: లోడు ఎత్తే రోజు, కూలి లెక్కలు చూసే శనివారం వద్దు. మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చి లేచాక ఇరవై నిమిషాలు. ఇరవై దాటితే ఆయన బాగా చేస్తున్నా సరే ఆపేయండి.

అన్నిటికంటే ముఖ్యం, మౌస్ ముట్టుకోకండి. మొదటి రోజు నేను ఈ తప్పు చేశాను. ఆయన బాణాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే ఆగలేక "ఇలా ఇవ్వండి బాబాయ్" అని లాక్కుని రెండు సెకన్లలో చేసి చూపించాను. ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టేసుకున్నారు, ఆ పూట మళ్ళీ కీబోర్డు మీదికి రాలేదు. రెండో రోజు నుంచి ఆయన వెనక, కొంచెం ఎడంగా కుర్చీ వేసుకున్నాను, చెయ్యి చాచినా మౌస్ అందనంత దూరంలో.

మొదటి రోజు: పోయింది తిరిగొస్తుంది

ముందు కంట్రోల్ ఎలా నొక్కాలో నేర్పాలి, ఎందుకంటే రెండు కీలు కలిపి నొక్కమంటే చాలామంది రెండిట్నీ ఒకేసారి టపీమని కొడతారు. బాబాయ్ చాలా ఏళ్ళు బజాజ్ చేతక్ నడిపారు. దాంట్లో క్లచ్చీ, గేరూ రెండూ ఎడం చేతికే. క్లచ్ పట్టుకోకుండా గేరు తిప్పరు, గేరు పడ్డాకే క్లచ్ వదులుతారు. "కంట్రోల్ అంటే క్లచ్ బాబాయ్, ముందు అది పట్టుకోండి, పట్టుకునే ఉండండి, ఇప్పుడు జెడ్ ఒకసారి తట్టి వదిలేయండి, ఆ తర్వాత క్లచ్ వదలండి" అన్నాను. ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. మీ మనిషికి స్కూటర్ అలవాటు లేకపోతే వాళ్ళ పనిలోంచే ఇలాంటిది వెతకండి, ఒక చెయ్యి పట్టుకుని ఉంటే రెండో చెయ్యి పని చేసేది ఏదైనా సరే.

ఇప్పుడు ఆయన పేరు కొట్టమనండి. బ్యాక్‌స్పేస్‌తో చెరిపేయమనండి. క్లచ్ పట్టుకుని జెడ్. పేరు తిరిగొస్తుంది. ఇంకో వాక్యం కొట్టించి చెరిపించండి, మళ్ళీ తెప్పించండి. తర్వాత నకలు ఉత్తరం తెరిచి, కంట్రోల్ పట్టుకుని ఇంగ్లీషు ఏ కొట్టమనండి, మొత్తం నీలంగా అవుతుంది. ఇక్కడ మా బాబాయ్ చెయ్యి వెనక్కి తీశారు. "ఏదో ఒక అక్షరం కొట్టండి" అన్నాను. "ఎల్లిపోద్దిరా" అన్నారు. "పోనివ్వండి, ఇది నకలే కదా" అన్నాను. కొట్టారు. మొత్తం పోయి ఒక అక్షరం మిగిలింది, ఆ రోజు జరిగినట్టే. కొన్ని క్షణాలు అలా చూసి, క్లచ్ పట్టుకుని జెడ్ కొట్టారు. ఉత్తరం మొత్తం తిరిగొచ్చింది. ఒకసారికి రాకపోతే రెండు మూడుసార్లు కొట్టించండి, ఒక్కో తట్టుకీ ఒక్కో అడుగు వెనక్కి వెళ్తుంది.

ఆయన ఆ పూట అదే పదిసార్లు చేశారు. చెరపడం, తేవడం, చెరపడం, తేవడం. మధ్యలో "ఇది అప్పుడే తెలిస్తే బాగుండేది" అని ఒక మాట అన్నారు. మొదటి రోజు పాఠం అంతే, ఇంకేం కలపలేదు. ఆ రోజే కాపీ కూడా చెప్పేద్దామని మీకు అనిపిస్తుంది, ఆగండి.

ఒక జాగ్రత్త. ఇది అన్నిచోట్లా పనిచేస్తుందని మాత్రం చెప్పకండి, ఒకసారి పనిచెయ్యకపోతే మీ మాట మీదే నమ్మకం పోతుంది. ఫైలు మూసేసి మళ్ళీ తెరిస్తే పాత అడుగులు ఉండవు. పంపేసిన వాట్సాప్ మెసేజీ, బ్యాంకు సైటులో సబ్మిట్ కొట్టేసినదీ కంట్రోల్ జెడ్‌తో వెనక్కి రావు. అలాగే మన వైపు కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి క్లచ్ పట్టుకుని ఎస్ కొట్టి సేవ్ చేసుకోవడం కూడా చెప్పేయండి, అది తేలిగ్గానే పట్టుకుంటారు.

రెండో రోజు, మూడో రోజు: నీలం చేయడం

నా లెక్కలో ఇదే అసలు కష్టమైన భాగం. కాపీ పేస్ట్ రావట్లేదు అనేవాళ్ళలో చాలామందికి నిజానికి రానిది సెలెక్ట్ చేయడం. మనం దాన్ని ఒక్క మాటలో "సెలెక్ట్ చేసి" అని దాటేస్తాం. నేను సెలెక్ట్ అన్న మాటే వాడలేదు, "నీలం చేయండి" అన్నాను.

మామూలుగా అందరం మౌస్ నొక్కిపట్టి లాగుతాం. పెద్దవాళ్ళకి ఇది నేర్పకండి, కనీసం మొదట్లో వద్దు. మధ్యలో వేలు వదిలేస్తారు, లేదా లాగుతూ లాగుతూ కింది పేజీ దాకా వెళ్ళిపోతారు, కంగారొచ్చేస్తుంది. దానికి బదులు ఇలా చేయించండి: కావలసిన ముక్క మొదట్లో ఒకసారి క్లిక్ చేసి మౌస్ వదిలేయాలి. తీరిగ్గా ముక్క చివర ఎక్కడో చూసుకోవాలి. ఎడం చేత్తో షిఫ్ట్ పట్టుకుని అక్కడ ఒకసారి క్లిక్ చేయాలి. మధ్యలోదంతా నీలమైపోతుంది. తోటకి గట్టు కొలిచేటప్పుడు ఈ చివర ఒక కర్ర, ఆ చివర ఒక కర్ర పాతినట్టు. తొందర లేదు, వణుకు బాధ లేదు. ఇది చూపించాక బాబాయ్ మౌస్ మీద చిరాకు పడడం మానేశారు.

ఒక్క మాటే కావాలంటే దాని మీద డబుల్ క్లిక్. వర్డ్‌లో మూడుసార్లు గబగబా నొక్కితే పేరా అంతా నీలమవుతుంది, కానీ మూడు నొక్కుళ్ళు అందరికీ పడవు, పడకపోతే వదిలేయండి. ఒక అక్షరం ఎక్కువో తక్కువో అయితే షిఫ్ట్ పట్టుకుని బాణం కీలతో సరిచేసుకోవచ్చు. తెలుగులో ఇక్కడ ఒక చిత్రం ఉంది, ముందే చెప్పండి: బాణం కొట్టినప్పుడు 'స్త్రీ' లాంటి అక్షరం మొత్తం ఒక్క గెంతులో నీలమవుతుంది, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పట్టుకోలేం. కానీ బ్యాక్‌స్పేస్ కొడితే ముందు గుడిదీర్ఘం పోతుంది, తర్వాత ఒత్తు పోతుంది, ఒక్కో ముక్క రాలుతుంది. అదే డిలీట్ కీ అయితే చాలా చోట్ల అక్షరం మొత్తాన్ని తీసేస్తుంది. ఇది తెలియక "కంప్యూటర్ సరిగ్గా పనిచేయట్లేదు" అనుకుంటారు.

నీలం వద్దనుకుంటే ఖాళీ చోట ఒక క్లిక్ చేస్తే పోతుంది. దీన్ని కూడా చేయించండి, ఎందుకంటే నీలంలోంచి బయటపడడం తెలియకపోతే అందులోకి వెళ్ళడానికి జంకుతారు.

సాధనకి నేను ఆటలాగా అడిగాను. ఊరి పేరు మాత్రం నీలం చేయండి. ఇప్పుడు మండలంతో కలిపి చేయండి. ఇప్పుడు పిన్‌కోడు వదిలేసి అడ్రసంతా. రెండు రోజులు ఇదే చేశాం. కాపీ ఊసు ఎత్తలేదు.

నాలుగో రోజు: జెరాక్స్

ఇప్పుడు సీ మీదా, వీ మీదా బిళ్ళలు అంటించండి. బాబాయ్‌కి కాపీ అంటే ఏమిటో చెప్పడానికి జెరాక్స్ చాలు. మండలాఫీసులో ఆధార్ జెరాక్స్ ఇచ్చి ఒరిజినల్ జేబులో పెట్టుకుని వస్తాం కదా, అలాగే కాపీ కొడితే అసలుది అక్కడే ఉంటుంది, దానికేం కాదు. అప్పుడు ఆయనకి ఇంకో సంగతి చెప్పాను, ఆయనకి బాగా నచ్చింది. ఈ కట్, కాపీ, పేస్ట్ ఇప్పుడు మనం వాడే రూపంలో పుట్టింది కూడా ఆ జెరాక్స్ కంపెనీలోనే. 1970ల మధ్యలో కాలిఫోర్నియాలో వాళ్ళ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు జిప్సీ అని ఒక ప్రోగ్రాం తయారుచేశారు. అది ఇంజినీర్ల కోసం కాదు, పాఠ్యపుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థలో పనిచేసే సంపాదకుల కోసం. వాళ్ళు అప్పటిదాకా కాగితం మీద కత్తెరతో కత్తిరించి, జిగురుతో అతికించి పుస్తకం సరిచేసేవాళ్ళు, పేర్లు కూడా అందులోంచే వచ్చాయి. అంటే ఇది మొదట్నుంచీ కంప్యూటర్ రానివాళ్ళ కోసం కట్టిన పని. "అయితే నాలాంటోళ్ళ కోసమే అన్నమాట" అన్నారు బాబాయ్, నిజంగానే అంతే.

వీ ఎందుకు, పేస్ట్‌కి పీ ఉండాలి కదా అని తప్పకుండా అడుగుతారు. పీ ప్రింటుకి. జెడ్, ఎక్స్, సీ, వీ నాలుగూ కింది వరసలో కంట్రోల్ దగ్గరే పక్కపక్కన ఉన్నాయి, ఎడం చెయ్యి కదపక్కర్లేదు. 1983లో ఆపిల్ తెచ్చిన లీసా కంప్యూటర్‌లో ఈ నాలుగు కీలకే ఈ పనులు పెట్టారు, తర్వాత మిగతావాళ్ళూ అదే పాటించారు.

చేసే వరస: నీలం చేయండి. క్లచ్ పట్టుకుని సీ తట్టండి. ఇక్కడ తెర మీద ఏమీ జరగదు, ఈ ముక్క ముందే చెప్పకపోతే పని అవలేదనుకుని నాలుగుసార్లు కొడతారు, కంగారులో కంట్రోల్ జారిపోయి పాత కథే మళ్ళీ జరుగుతుంది. "ఏమీ కనపడదు బాబాయ్, లోపల జెరాక్స్ తీసి పెట్టుకుంది" అనండి. ఇప్పుడు ఎక్కడ కావాలో అక్కడ ఒకసారి క్లిక్ చేయాలి, నిలువు గీత మినుకుమినుకుమంటూ కనపడాలి. ఆ గీత ఎక్కడుంటే అక్కడే పడుతుంది. మౌస్ బాణం ఉన్న చోట పడుతుందనుకోవడం కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు, దీని మీద రెండు మూడుసార్లు ఆగి చూపించమనండి: "గీత ఎక్కడుంది?" తర్వాత క్లచ్ పట్టుకుని వీ.

మొదటిసారి అడ్రసు మొత్తం ఒక్క దెబ్బకి పడగానే ఆయన వెనక్కి తిరిగి పిన్నిని పిలిచారు.

రెండు విషయాలు ఆ రోజే చెప్పాలి. ఒకసారి కాపీ చేసింది ఎన్నిసార్లయినా వేయవచ్చు, కొట్లో రబ్బరు స్టాంపు లాగ, ఒక ముద్ర వేసినంత మాత్రాన స్టాంపు అరిగిపోదు. ఇంకోటి, కాపీ చేసింది కంప్యూటర్ లోపల దాచుకునే చోటు ఒక సంచి అనుకోండి, ఆ సంచిలో ఒక్కటే పడుతుంది. కొత్తది కాపీ చేస్తే పాతది పోతుంది. కంప్యూటర్ ఆపేసినా పోతుంది.

కట్ గురించి కొంచెం ఆగి

కట్ నేను ఇంకో రెండు రోజుల తర్వాత చెప్పాను. దానికి మన వరిచేలు చాలు: నారుమడిలో నారు తీసి చేలో ఊడ్పు వేస్తాం, తీసిన చోట నారు ఉండదు. కంట్రోల్ ఎక్స్ అదే. తీసిన నారు గట్టు మీద వదిలేస్తే ఎండిపోతుంది, అలాగే కట్ చేసినదాన్ని వెంటనే వేయకుండా ఇంకోటి కాపీ చేస్తే పాతది సంచిలోంచి పోతుంది. అప్పుడు కూడా కంట్రోల్ జెడ్ ఉంది. ఫైళ్ళనైతే కట్ చేస్తే వేసేదాకా అక్కడే మసగ్గా కనపడుతూ ఉంటాయి, మాయమవవు. ఉత్తరాలు రాసేవాళ్ళకి కట్ అవసరం తక్కువ, కాబట్టి దాని మీద ఎక్కువసేపు కూర్చోలేదు.

అసలు పనిలోకి: ఫోన్ నుంచి బిల్లు దాకా

ఇంతవరకు ఒక కాగితంలోనే అటూ ఇటూ. ఇప్పుడు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి. కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి పెట్టండి, పార్టీ పంపిన అడ్రసూ, జీఎస్టీ నంబరూ అందులోంచి నేరుగా బిల్లులోకి. నోటుబుక్కు ఆ రోజు పక్కన పెట్టమనకండి, ఉండనివ్వండి. ఆయనే రెండూ పోల్చి చూసుకుంటారు, అది మంచి అలవాటు కూడా.

వేసినప్పుడు అక్షరాలు వేరే రంగులోనో, వేరే సైజులోనో వస్తే కంగారు పడతారు. వెబ్ పేజీలో, ఈమధ్య వర్డ్‌లో కూడా, కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని వీ కొడితే రంగులవీ లేకుండా ఒట్టి రాత పడుతుంది. అది పనిచేయని చోట నోట్‌ప్యాడ్‌లో వేసి, అక్కడి నుంచి మళ్ళీ కాపీ చేసుకుంటే సరిపోతుంది.

ఎక్సెల్ వాడేవాళ్ళయితే ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే డబ్బు సంగతి. గడి కాపీ చేస్తే దాని చుట్టూ చీమలు పాకినట్టు చుక్కల గీత తిరుగుతుంది. ఆ చీమలు తిరుగుతున్నంతసేపే గడిని గడిగా వేయగలరు, మధ్యలో ఇంకేదైనా కొడితే ఆగిపోతాయి, మళ్ళీ కాపీ చేయాలి. ఇంకోటి పెద్దది: ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే గుర్తుంచుకుంటుంది. 16 అంకెలున్న బ్యాంకు ఖాతా నంబరు మామూలు గడిలో వేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందు సున్నాలుంటే అవీ ఎగిరిపోతాయి. ఎవరూ తప్పు కొట్టలేదు, కాపీ సరిగ్గానే అయింది, అయినా నంబరు మారిపోయింది! అందుకని నంబరు వేయకముందే ఆ గడుల్ని సెలెక్ట్ చేసి ఫార్మాట్‌ని టెక్స్ట్‌గా మార్చాలి. ఈ పని మీరే ఒకసారి చేసి పెట్టేయండి. ఖాతా నంబరు వేశాక చివరి నాలుగంకెలు పైకి చదివించండి. బాబాయ్ ఇప్పటికీ చదువుతారు, పక్కన ఎవరూ లేకపోయినా.

పాస్‌వర్డులు, ఓటీపీలు కాపీ చేయడం వద్దని గట్టిగా చెప్పాను. కొట్లో ఆ కంప్యూటర్ దగ్గర నలుగురు కూర్చుంటారు, సంచిలో ఏముందో ఎవరైనా వీ కొట్టి చూడవచ్చు. విండోస్ కీ పట్టుకుని వీ కొడితే ఈమధ్య కాపీ చేసిన 25 దాకా కనపడే సదుపాయం కూడా ఉంది. ముందు దాన్ని ఆన్ చేసుకోవాలి. కుదురుకున్నాక అది చాలా పనికొస్తుంది, కానీ మొదటి నెలలో చూపించకండి, సంచిలో ఒక్కటే పడుతుందన్న మాట ఇంకా పచ్చిగా ఉంటుంది.

తెలుగు రాత గజిబిజిగా పడితే

ఇది మన దగ్గర తప్పకుండా వచ్చే చిక్కు. కనుమనాడు మా దగ్గర జగ్గన్నతోటలో జరిగే తీర్థానికి, అంటే జాతరకి, ఊరేగించే ప్రభ కట్టే కుర్రాళ్ళు చందాల నోటీసు తయారుచేయమని బాబాయ్‌ని అడిగారు. పోయినేడాది నోటీసు ఫైలు డీటీపీ షాపు నుంచి తెచ్చి ఇచ్చారు. ఈయన ఉత్సాహంగా నీలం చేసి, కాపీ చేసి, వాట్సాప్‌లో వేస్తే తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ పడ్డాయి. ముఖం వాడిపోయింది. "నేనేదో తప్పు నొక్కాను" అన్నారు.

తప్పు ఆయనది కాదు, ఇది వెంటనే చెప్పాలి. డీటీపీ షాపుల్లో చాలాకాలంగా వాడే అను ఫాంట్ల లాంటివి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి పనిచేస్తాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనపడుతుంది, అది లేని చోటికి వెళ్తే కింద దాగిన ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. యూనికోడ్‌లో తెలుగుకి దాని సొంత స్థానాలు ఉన్నాయి కాబట్టి ఫోన్లో కొట్టిన తెలుగు ఎక్కడ వేసినా తెలుగే. పీడీఎఫ్ నుంచి తీసిన తెలుగు కూడా చాలాసార్లు ఒత్తులు చెదిరిపోయి వస్తుంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, కానీ మార్చాక ఒక్కో వాక్యం చదివి దిద్దుకోవాలి. మేం నోటీసుని ఒకసారి యూనికోడ్‌లో కొత్తగా కొట్టుకున్నాం. ఇక ప్రతి ఏడాదీ తేదీలూ, చందా మొత్తాలూ మార్చుకుంటే చాలు.

దూరం నుంచి ఫోన్లో చెప్పాల్సి వస్తే

పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్న ఇళ్ళు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఇది విడిగా రాస్తున్నాను. ఏం నొక్కాలో చెప్పే ముందు ఏం కనపడుతోందో అడగండి. "నీలంగా ఏముంది? ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?" తర్వాత ఒక్కో పని విడిగా, జవాబు వచ్చేదాకా ఆగి: "కంట్రోల్ పట్టుకున్నారా? ఊ. పట్టుకునే ఉండండి. ఇప్పుడు సీ ఒకసారి తట్టండి. వదిలేశారా?" కంట్రోల్ సీ అని గబుక్కున కలిపి అనకండి. పని పూర్తయిందని వాళ్ళు చెప్పేదాకా ఫోన్ పెట్టకండి, మా ఇంట్లో ఏడాది నష్టం అక్కడే జరిగింది.

మధ్యలో మర్చిపోతారు. వారం వాడకపోతే కొంత పోతుంది, పోయిందని కోప్పడితే మిగతాదీ పోతుంది. "ఎన్నిసార్లు చెప్పాలి", "ఇంత తేలికైనది కూడానా" ఈ రెండు మాటలూ నోట్లోంచి రాకుండా చూసుకోండి. మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తే కంట్రోల్ జెడ్ నుంచే మొదలుపెట్టండి. ఇంకో మంచి ఉపాయం, వాళ్ళ చేత ఇంకొకరికి చెప్పించడం. బాబాయ్ కొట్లో గుమాస్తాగారికి నేర్పారు, క్లచ్ పోలికతో సహా. చెప్పేటప్పుడు తనకి ఎక్కడ తడబాటు ఉందో ఆయనకే తెలిసి నన్ను ఫోన్ చేసి అడిగారు.

ఒక నెల తర్వాత చూసుకోవడానికి పరీక్ష ఒకటే. ఏమీ చెప్పకుండా పాత ఉత్తరం ఒకటి ఇచ్చి, కొత్త పార్టీ అడ్రసుతో పంపమనండి. నోటుబుక్కు తెరవకుండా చేస్తే వచ్చినట్టే. బాబాయ్ మొన్న ఇలాగే ఒక ఉత్తరం పంపి, పది నిమిషాల్లో నాకు ఫోన్ చేశారు: "ఒరేయ్, అడ్రసు బాగానే పడింది కానీ పైన పోయిన నెల తేదీ అలాగే ఉండిపోయింది. పంపేశాక కంట్రోల్ జెడ్ పనిచెయ్యదన్నావు కదా, ఇంకో ఉత్తరం పంపేశానులే." ఆ తర్వాతి పాఠం కూడా అప్పుడే పెట్టుకున్నాం: పాతదాన్ని వేసిన వెంటనే, మార్చాల్సిన తేదీనీ, లారీ నంబరునీ ముందు పసుపు రంగు చేసి పెట్టుకోవడం.